సర్దుకుంటోంది

4, ఆదివారం

మా ఇంట్లో నన్ను తప్పుగా అర్థం చేసుకోవడం ఒక కుటీర పరిశ్రమ. అమ్మ ముడిసరుకు పోగు చేస్తుంది. అక్క ఫోన్లో దానికి మెరుగు పెడుతుంది. నాన్న తలూపి ముద్ర వేస్తాడు. ఇవాళ బయటికొచ్చిన సరుకు: "చిన్నది దార్లో పడింది."

ఎందుకు పడ్డానట? క్యారెట్లు తరిగాను కాబట్టి.

జరిగింది ఇంతే. పొద్దున పక్క దిగకుండా ఫోన్లో ఒకావిడను చూశాను. ఆదివారం కాసేపు ఒళ్లొంచితే వారమంతా ఆఫీసుకి ఆరోగ్యమైన భోజనం సిద్ధం అంటోంది. ఆవిడ వంటగది మా ఇల్లంత ఉంది. ఐదు గాజు డబ్బాలు వరసగా పెట్టి, అన్నింట్లోనూ ఆకుపచ్చ, ఎరుపు, పసుపు ఒకే కొలతగా నింపి, మూతలు టక్ టక్‌మని నొక్కింది. ఆ చప్పుడుకి నాకు ప్రాణం లేచొచ్చింది. బుధవారం మధ్యాహ్నం తానేం తింటుందో ఆదివారం పొద్దున్నే తెలిసిన మనిషి! ఆ ముఖంలో ఎంత నిశ్చింత! లేచి, పళ్లు కూడా తోముకోకుండా శనగలు కుక్కర్లో పోశాను. రాత్రంతా నానబెట్టాలని ఆవిడ చెప్పిన భాగం నేను దాటేసినట్టున్నాను.

పక్క గదిలో అమ్మ కుట్టు మిషను ఆగిపోయింది. కర్టెన్ల పని మధ్యలో అది ఆగిందంటే ఫోన్ చేస్తోందని అర్థం.

"అవునే, దానంతట అదే. నేనేమన్నా చెప్తే వింటుందా? చాకు పట్టుకుంది. వేలు కోసుకోలేదు కూడా. పర్మనెంట్ చేస్తున్నారు కదా, కాస్త బాధ్యత తెలిసింది... ఆఁ, అదే నేనూ అంటున్నా, దార్లో పడింది."

ఏ దారి? ఎవరేసిన దారి? క్యారెట్ ముక్కకీ జీవిత మార్గానికీ సంబంధం ఏమిటి?

సరే, ఇక్కడైనా నిజం రాసుకోవాలి కదా. ఈ నెల ఇరవై మూడులోగా రెండు జవాబులు ఇవ్వాలి. ఒకటి ఆఫీసుకి: ఉద్యోగం ఖాయం చేస్తారు, మూడేళ్లు కదలనని సంతకం పెట్టాలి. రెండోది సర్వే మేడంకి: ఊరూరా తిరిగి భూగర్భ జలాలు కొలిచే జట్టులో నాకు చోటుంది, వస్తానో రానో చెప్పాలి. మొదటిది ఇంట్లో అందరికీ తెలుసు. రెండోది ఈ డైరీకి తెలుసు.

నేనింకా ఏమీ తేల్చుకోలేదు. ఈలోపు ఆరోగ్యంగా తింటాను. ఈ రెంటికీ సంబంధం లేదు.

5, సోమవారం

శనగలు ఉడకలేదు. నమిలినంతసేపూ మా వరుసలో టైపింగ్ ఆగిపోయింది. పక్క సీటావిడ చెవి దగ్గరకొచ్చి అడిగింది: "ఏం పిల్లా, పళ్లు అరిగించుకోవడానికి ఇంత దూరం రావాలా?"

6, మంగళవారం

మా ఆఫీసు పని ఏమిటని ఎవరైనా అడిగితే, పాడైపోయిన ఫ్రిజ్‌ల తరఫున బాధపడటం అని చెప్తాను. జనం కంపెనీకి రాస్తారు: చల్లబడటం లేదు, నీరు కారుతోంది, రాత్రిళ్లు మూలుగుతోంది. మేం జవాబులు రాస్తాం. ప్రతి జవాబులోనూ "విచారిస్తున్నాము" అన్న మాట తప్పనిసరి. అది మా సెక్షన్ పెద్దాయన పెట్టిన నియమం. అందుకే ఆయన మాకు విచారం సార్. నిన్న ఒక పెద్దమనిషి ఫోన్ చేసి అరిచాడు: "ఏడు నెలలైందండీ, ఇంకా విచారిస్తూనే ఉన్నారా? విచారణ ఎప్పుడు ముగుస్తుంది?"

పాపం, ఆయన తెలుగులో తప్పేం లేదు.

విచారం సార్ ఇవాళ నా బల్ల దగ్గర ఆగాడు. "ఏమ్మా, నువ్వు రాసిన దాంట్లో నిజంగా బాధపడుతున్నట్టే ఉంటుంది. నీలాంటి వాళ్లు మాకు కావాలి." ప్రశంస అది. భూగర్భ శాస్త్రంలో డిగ్రీ చేసిన పిల్లకి, భూమి మీద దొరికిన మొదటి ప్రశంస.

7, బుధవారం

బీట్‌రూట్ పెట్టకూడదు. అన్నం, గుడ్డు, మూత, నా చున్నీ, కంపెనీ జవాబు ఒకటి: అన్నీ గులాబీ రంగు.

8, గురువారం

ఆదివారం తరిగిన కీరదోస గురువారానికి కీరదోసగా ఉండదు. దాన్ని ఏమనాలో నాకు తెలియదు. ఫోన్లో ఆవిడ ఐదు మూతలు పెట్టడం చూపించింది గానీ నాలుగోది తియ్యడం చూపించలేదు.

సర్వే మేడం ఫోన్ చేసింది. ఇంట్లో చెప్పి చెప్తానండీ అన్నాను. గొంతులో ఎక్కడలేని ఉత్సాహం పలికింది. ఎందుకు పలికిందో.

9, శుక్రవారం

డబ్బా తెరవలేదు. మూత ఉండగానే వాసన పలకరించింది. క్యాంటీన్లో తిన్నాను. పక్క సీటావిడ చూసి, "ఈ వారానికి ఆరోగ్యం అయిపోయిందా?" అంది.

ఇంట్లో మాత్రం ఖాళీ డబ్బా చూసి అమ్మ మురిసిపోయింది. ఆఫీసు చెత్తబుట్టకి నేనేం సంజాయిషీ ఇచ్చుకోవాలో అమ్మకి తెలియదు.

11, ఆదివారం

ఈసారి పరిశోధన చేసి దిగాను. శనగలు నానబెట్టాను. తడి వేరు, పొడి వేరు. కీరదోస ఏ రోజుది ఆ రోజే. నిమ్మరసం చిన్న సీసాలో విడిగా. క్యాబేజీ సన్నగా తరిగి పొడిగుడ్డలో చుట్టి పెడితే గురువారందాకా కరకరలాడుతుందట. గుడ్లు మాత్రం వారానికి రెండే, ఎందుకంటే ఆఫీసు ఫ్రిజ్ మీద ఎవరో కాగితం అంటించారు: "గుడ్లు పెట్టినవారు దయచేసి ఆలోచించగలరు."

నాన్న నిన్న డాక్టరు దగ్గరికెళ్లొచ్చాడు. షుగర్ పెరిగిందట. డాక్టరు బాగా వడ్డించాడట. నాన్న డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. రోజంతా చేతకాని వాళ్ల పక్కన కూర్చుని, ప్రాణభయంతో ఆకలేసి, దొరికిందల్లా తింటాడు. వంటగది గుమ్మంలో నిలబడి నా డబ్బాల వంక చూశాడు.

"నాకూ ఒకటి కట్టకూడదటే, తల్లీ?"

ఆ ఒక్క మాటకి నేను ఎగిరి గంతేశాను. మనసులోనే. పైకి మాత్రం "చూద్దాంలే, శనగలు ఎక్కువుంటే" అన్నాను. తర్వాత ఇంకో కుక్కరు పెట్టాను.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. నాన్న ఆరోగ్యం నా చేతిలో ఉన్నప్పుడు నేను ఊళ్లు పట్టుకుని ఎలా తిరుగుతాను? అడుగుతున్నానంతే. తేల్చుకోలేదు.

12, సోమవారం

నాన్న డబ్బా ఖాళీగా వచ్చింది. ఖాళీయే కాదు, కడిగి ఉంది!

నాన్న తాగిన గ్లాసు ఎక్కడ తాగితే అక్కడే ఉండిపోతుంది. అమ్మ దాన్ని మంచం కింద, కిటికీలో, ఒకసారి బూటులో వెతికి తీసింది. అలాంటి మనిషి డబ్బా కడుక్కొచ్చాడు. చెప్పలేనంత సంతోషంగా ఉంది.

13, మంగళవారం

కడిగి, తుడిచి, మూతలోని రబ్బరు కూడా తీసి ఆరబెట్టి మళ్లీ పెట్టి ఉంది. మనుషులు మారతారు. ప్రేమగా వండిపెడితే ఎవరైనా మారతారు. ఇంట్లోవాళ్లు అడ్డు చెప్పకపోతే ఇదంతా ఒక వీడియో చేసి పెట్టేదాన్ని.

15, గురువారం

సర్వే మేడం మళ్లీ ఫోన్ చేసింది. మోగనిచ్చాను. మోగుతున్నంతసేపూ క్యాబేజీ తరిగాను. ఆదివారానికి తరగాల్సింది ఇవాళే తరిగేశాను. అది ఇక వచ్చే వారందాకా నిలవదు.

గత నెల స్నేహితురాలి పుట్టినరోజని చెప్పి ఆవిడ దగ్గరికే వెళ్లాను. ఇంటర్వ్యూ అంటే బల్లకి అటూ ఇటూ కూర్చుని మాట్లాడటం అనుకున్నాను. ఆవిడ జీపెక్కించి ఊరి బయట ఒక పాత బోరు దగ్గర దింపింది. చేతికి టేపు చుట్ట ఇచ్చింది. "దించు. నీళ్లు తగిలితే అదే చెప్తుంది." దించాను. దించుతూనే ఉన్నాను. భూమిలోకి అంత దూరం నా చెయ్యి వెళ్లినట్టే ఉంది. ఇక నీళ్లు లేవేమో అనుకునేసరికి టేపు కీచుమంది. నేను కెవ్వుమన్నాను. ఆవిడ నవ్వి, "ఎంత లోతో చదువు" అంది. నాకు అంకెలు కనబడలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి. ఎండ వల్ల.

క్యాబేజీ చేదెక్కకుండా ఉండాలంటే తరిగిన వెంటనే చల్లటి నీళ్లలో వెయ్యాలట.

18, ఆదివారం

అమ్మ కూడా చేరింది. "మీ ఇద్దరూ ఆరోగ్యంగా ఉండి నేనొక్కదాన్నే పోతానా?" అని తనకీ డబ్బా కట్టమంది. అమ్మ పనిచేసేది ఇంట్లోనే. కుట్టు మిషను నుంచి వంటగదికి పది అడుగులు ఉండవు. అయినా డబ్బా కావాలి. మిషను మీద పెట్టుకుని, మూత తీసి, ఆఫీసులో ఉన్నట్టు తింటుందట.

మొత్తం పదిహేను డబ్బాలు. ఫ్రిజ్‌లో పాలకి చోటు లేక పాలు బయట విరిగిపోయాయి. వంటగది అంతా నిమ్మకాయ వాసన. నా వేళ్లకి మిరియాల ఘాటు, కంటికి తగిలింది, ఏడుస్తూ మూతలు పెట్టాను.

నిన్న నాన్న షుగర్ మళ్లీ చూపించుకున్నాడు. తగ్గింది! అమ్మ ఫోన్ స్పీకర్లో పెట్టి అక్కకి చెప్పింది. అక్క అంది: "చూశావా, చెల్లి చెయ్యి పడితే చాలు. ఇక నాన్న గురించి బెంగ లేదే అమ్మా. అది ఉంది కదా."

అది ఉంది కదా.

ఆ మాటకి నా వెన్ను నిటారుగా అయింది. త్యాగం చేసే పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో హాల్లో అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉంది. కొంచెం తల వంచితే ఇంకా బాగుంది.

అందుకని తేల్చుకున్నాను. ఉండిపోతాను. నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలవడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. నాన్నకి డబ్బా కట్టడానికి నేను తప్ప ఎవరున్నారు? పైగా ఇది నా ఇష్టంతో చేస్తున్నది. పూర్తిగా నా ఇష్టంతో. రేపు మేడంకి చెప్పేస్తాను.

19, సోమవారం

మేడం ఫోన్ అందలేదు. సిగ్నల్ లేని చోట ఉందేమో. ఒక్కసారే చేశాను. అందకపోయేసరికి హాయిగా అనిపించింది.

20, మంగళవారం

కొంప మునిగింది.

సాయంత్రం ఆఫీసు నుంచొచ్చి, ఫోన్ హాల్లో పెట్టి స్నానానికెళ్లాను. బయటికొచ్చేసరికి అమ్మ ముఖం వెలిగిపోతోంది.

"మీ ఆఫీసు మేడం ఫోన్ చేసిందే. ఎంత మంచావిడో! నీ గురించి అడిగింది."

మా ఆఫీసులో మేడం అంటూ ఎవరూ లేరు. సెక్షన్లో ఉన్నది విచారం సార్ ఒక్కడే. నా ఫోన్లో మేడం అని ఉన్నది ఒక్కరే. తల తుడుచుకుంటున్న తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.

"ఏమడిగింది?"

"సర్దుకుంటోందా అని అడిగింది."

"నువ్వేమన్నావ్?"

"ఉన్నదే చెప్పా. ఓ, బ్రహ్మాండంగా సర్దుకుంటోందండీ, ఆదివారమొస్తే పొద్దున్నించీ అదే పని, అన్నా."

"అమ్మా!"

"ఏం, తప్పేం చెప్పా? ఆవిడ కూడా తెగ సంతోషపడింది. మీకెవరికీ అభ్యంతరం లేదు కదా అంది. అభ్యంతరమేంటండీ, మేం కోరుకున్నదే అది అన్నా."

"ఇంకా?"

"పంపడానికి భయపడతారేమో అనుకున్నానండీ అంది. రోజూ పంపుతూనే ఉన్నాం కదా, ఇప్పుడు భయమేంటి అనుకుని... మొదట్లో భయపడ్డామండీ, ఇది ఎక్కడా నిలవదేమోనని, ఇప్పుడు ఏ బెంగా లేదు అన్నా. ఏమే, అలా చూస్తావేంటి? కాస్త పొగిడితే నీ సొమ్మేం పోతుంది?"

ఫోన్ చూశాను. సర్వే మేడం నుంచి సందేశం: "మీ అమ్మగారితో మాట్లాడాను, చాలా సంతోషం. నువ్వు రాకపోతే తీసుకుందామనుకున్న రెండో అమ్మాయికి చోటు లేదని చెప్పేశాను. సోమవారం పొద్దున బస్టాండు దగ్గర జీపు ఉంటుంది. సామాను తక్కువ తెచ్చుకో."

ఆవిడ అడిగింది పెట్టె సర్దుకుంటోందా అని. అమ్మ చెప్పింది ఉద్యోగంలో సర్దుకుంటోంది, డబ్బాలు సర్దుకుంటోంది అని. ఒక్క మాట పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు నా బతుకు మొత్తం మాట్లాడేసుకుని, ఒకరికొకరు నమస్కారాలు చెప్పుకుని ఫోన్ పెట్టేశారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇందులో నోరు తెరవనిది నేనొక్కదాన్నే.

ఇప్పుడు ఫోన్ చేసి, అబ్బే, నేను సర్దుకోవడం లేదండీ అని చెప్పాలి. ఏ అర్థంలో?

అమ్మకి, అది ఆఫీసు మేడం కాదని చెప్పలేదు. రేపు చెప్తాను. తడి జుట్టుతో కూర్చుని ఇది రాస్తున్నాను. అమ్మ "జలుబు చేస్తుందే" అంటోంది.

21, బుధవారం

పొద్దున నాన్న డబ్బా మర్చిపోయి వెళ్లిపోయాడు. ఆఫీసుకి సెలవు పెట్టాను. ఒక పూట. కారణం "వ్యక్తిగతం" అని రాశాను. డబ్బా పట్టుకుని డ్రైవింగ్ స్కూలుకి నడిచాను. నాన్నకి ముందు చెప్తే అమ్మ దగ్గర ఒక మనిషి తోడుంటాడని లెక్క.

స్కూలంటే ఒక్క గది. గోడంతా గీతలూ బాణాలూ గుర్తులూ. బల్ల దగ్గర రశీదులు రాసే ఆవిడ నన్ను చూడగానే లేచి నిలబడింది. నన్ను కాదు, డబ్బాని చూసి.

"మీరు సార్ వాళ్ల చిన్నమ్మాయి కదూ! వచ్చేసిందా! ఇవాళ రాదేమోనని పస్తు అనుకున్నా."

ఆవిడే అందుకుంది. ఆవిడే మూత తీసింది. ఆవిడే వాసన చూసింది.

"శనగలు బ్రహ్మాండంగా చేస్తారండీ. నిమ్మకాయ ఒక్క రవ్వ తగ్గిస్తే చాలు. నాకు పులుపు పడదు."

ఆవిడకి మాటలకి కొదవ లేదు. మొదటి రోజే సార్ డబ్బా తెరిచి, చూసి, మూసి, "అమ్మా, నువ్వు తిను" అన్నాడట. అప్పట్నించీ ఆవిడ వంట మానేసిందట. ఎంగిలి డబ్బా ఎలా పంపుతానని రోజూ కడిగి, తుడిచి, రబ్బరు తీసి ఆరబెడుతోందట.

"మరి నాన్న ఏం తింటాడు?"

"ఎదురు బేకరీలో బన్నూ టీ. చక్కెర లేని టీయే లెండి!"

"మరి షుగర్ తగ్గిందిగా?"

"డాక్టరు మాత్ర మార్చాడుగా. మీకు చెప్పలేదా?"

మనుషులు మారతారని రాసుకున్నాను. పేజీ వెనక్కి తిప్పితే ఉంది. చింపను. ఉండనీ.

నాన్న బండి వచ్చి ఆగింది. నేర్చుకునే అతను దిగి చెమట తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. నాన్న నన్ను, ఆవిడ చేతిలో డబ్బానీ చూసి, ఎటు పారిపోవాలో తెలియని వాడిలా గోడ మీది బాణాల వంక చూశాడు.

"ఎక్కు. ఆఫీసు దగ్గర దింపుతా. నువ్వే నడుపు."

ఆ బండిలో నాన్న వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. మొదటి మలుపు తిరిగాక నాన్నే మొదలుపెట్టాడు.

"నాకు శనగలు పడవే తల్లీ. చిన్నప్పట్నించీ అంతే. కడుపు ఉబ్బరిస్తుంది."

"చెప్పొచ్చుగా నాన్నా!"

"ఆదివారం పూట, కళ్లలో నీళ్లు కారుతుంటే, అంత కష్టపడి మూతలు పెడుతున్నావు. నోరెలా వస్తుంది? ఏదోలా సర్దుకుపోదాంలే అనుకున్నా. గేరు మార్చు."

మార్చాను. సర్దుకుపోదామనుకున్నాడట. నా కోసం ఆయన సర్దుకుపోతున్నాడు. ఆయన కోసం నేను సర్దుకుపోతున్నాను. మధ్యలో ఒకావిడ కడుపునిండా తిని రబ్బర్లు ఆరబెడుతోంది.

నాకు కోపం రావాలి. ఏడుపొచ్చింది. నేను లేకపోతే నాన్న ఏమైపోతాడో అని ఎంత వైభవంగా బాధపడ్డాను! ఆ వైభవం పోయిందనే ఏడుపు. ఇది నాకిప్పుడే, రాస్తుంటే తెలుస్తోంది.

"నాన్నా, నాకు ఇంకో ఉద్యోగం వచ్చింది. భూగర్భ జలాల సర్వే. ఊళ్లు తిరగాలి. సోమవారం రమ్మంటున్నారు."

బండి ఆగిపోయింది. బ్రేకు నేను తొక్కలేదు.

వెనక హారన్లు మోగాయి. నాన్న తన కాలి వంక చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. తర్వాత మెల్లగా తీశాడు.

"అలవాటు" అన్నాడు. "పోనీ."

బండిని అన్నాడో నన్ను అన్నాడో అడగలేదు. ఆఫీసు ముందు దిగేటప్పుడు మాత్రం అన్నాడు: "మీ అమ్మకి నువ్వే చెప్పు. నేను బ్రేకు మీద కాలు పెట్టను, అంతే. అంతకంటే నావల్ల కాదు."

22, గురువారం

రేపే ఇరవై మూడు. సాయంత్రం అమ్మకి చెప్పాను.

ఎలా చెప్పాలో దారంతా సాధన చేశాను. చాలా తెలివైన ఉపాయం దొరికింది. కుట్టు మిషను పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, మెత్తగా మొదలుపెట్టాను. మొన్న ఫోన్ చేసింది ఎవరో చెప్పాను. జీపు సంగతి, రెండో అమ్మాయి సంగతి చెప్పాను. చివర్న గొంతు తగ్గించి, "నాకూ ఇబ్బందిగానే ఉందమ్మా. కానీ ఏం చేస్తాం? నువ్వు మాటిచ్చేశావు. ఇప్పుడు కాదంటే నీ మాట పోతుంది" అన్నాను.

ఎంత బాగుంది! వెళ్తానన్నదీ నేను కాదు, పంపిందీ నేను కాదు. ఒక మాట కాలు జారి నన్ను తీసుకెళ్లి సర్వే జీపులో పడేసింది.

అమ్మ సూది కింద గుడ్డ తీసింది. దారం కొరికింది. అప్పుడు నా వంక చూసింది.

"నా నెత్తిన రుద్దకు."

"అది కాదమ్మా..."

"ఏది కాదు? నేను సర్దుకుంటోందన్నది దేన్ని గురించో నీకు తెలుసు. ఆవిడకి మంగళవారమే ఫోన్ చేసి, మా అమ్మకి తెలియదండీ అని ఒక్క ముక్క చెప్పలేకపోయావా? చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?"

అమ్మ ఫోన్ తీసి అక్కకి చేసి స్పీకర్లో పెట్టింది. అక్క హాస్పిటల్లో డ్యూటీలో ఉంది, వెనక ఎవరో దగ్గుతున్నారు.

"మూడేళ్లు ఎంతలో గడుస్తాయే? తర్వాత తిరుగుదువుగాని. అందరం సర్దుకోలేదా?" అంది అక్క.

"నువ్వు కాసేపు ఊరుకో" అంది అమ్మ. అక్కతో! నేను అమ్మ వంక నోరెళ్లబెట్టి చూశాను. ఫోన్ కట్ చేసింది.

"మరి ఈ డబ్బాలన్నీ ఎందుకు చేశావే?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని. "పొద్దున్నించి నిలబడి, కళ్లు మండించుకుని... పోవాలని ఉన్నదానివి, ఎందుకు చేశావు?"

ఆరోగ్యం కోసం అనబోయాను. మాట సగంలో నాకే నవ్వొచ్చింది. అమ్మకి రాలేదు.

"డబ్బాలు కడుతున్నంతసేపూ ఇంకేమీ తేల్చుకోనక్కర్లేదు కదమ్మా. బుధవారం ఏం తినాలో తేలిపోయింది, చాలు అనిపించేది."

అమ్మ కర్టెన్ అంచు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"నేను మురిసిపోయాను" అంది. "ఊరంతా చెప్పుకున్నాను. కుట్టించుకోడానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను, మా చిన్నది కుదురుకుందని. ఇప్పుడు వాళ్లకేం చెప్పను?"

"చెప్పింది తప్పని చెప్పు."

"నీకు సులువే." కళ్లు తుడుచుకుంది, కుడుతున్న కర్టెన్‌తోనే. ఎవరింటి కిటికీకో పోతుంది అది. "చూడూ, పొమ్మని నేననను. వద్దనీ అనను. కానీ వెళ్తే, అమ్మ నోరు జారింది కాబట్టి వెళ్తున్నా అని మాత్రం వెళ్లకు. రేపు అక్కడ ఎండకి మాడి, తిండి లేక, జ్వరమొచ్చి పడితే, నువ్వే పంపావంటావు. ఆ మాట నేను పడను. వెళ్లాలనుంటే వెళ్తాననే చెప్పు. ఆవిడకీ చెప్పు, నాకూ చెప్పు. లేదంటే ఆ రెండో పిల్లకి చోటు ఇప్పించు, పాపం."

ఆ రెండో పిల్ల గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మిషను మళ్లీ తిరగడం మొదలైంది. పీట మీద కాసేపు కూర్చుని లేచాను. ఉపాయం పీట మీదే ఉండిపోయింది.

23, శుక్రవారం

పొద్దున ఆఫీసుకెళ్లే దారిలో మేడంకి ఫోన్ చేశాను. మంగళవారం మీరడిగినదానికి మా అమ్మ ఇంకో సంగతి చెప్పిందండీ, ఈ పని గురించి ఇంట్లో అప్పటికి ఎవరికీ తెలియదు అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"అంటే రావట్లేదా? ఇప్పుడే చెప్పు. ఆ అమ్మాయిని మళ్లీ పిలవడానికి ఇంకా టైముంది."

తప్పించుకోవడానికి అంతకంటే తేలికైన సమయం మళ్లీ రాదు. ఆవిడే తలుపు తీసి పట్టుకుంది.

"వస్తున్నానండీ. ఇది నేను చెప్తున్నాను."

"సరే" అంది. పెట్టేసింది.

ఆఫీసు కాగితం సంతకం లేకుండా తిరిగిచ్చేశాను. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ సరే అనలేదు. వద్దనీ అనలేదు. భోజనానికి పిలిచింది.

వెళ్లాలని ఉంది. సోమవారం వెళ్తున్నాను.